ఒక గంట ఎక్కువ

ముట్టుకోవద్దని అత్త అన్నది కాబట్టే ఆ గడియారం ముట్టుకొన్నాను. ఇందులో దాచడానికేమీ లేదు. హైమకి కోపం ముక్కుమీద ఉంటుందని గరివిడిలో నా పుట్టింటివాళ్ళూ, చీపురుపల్లిలో అత్తింటివాళ్ళూ ఒకే మాటగా చెబుతారు. రెండిళ్ళూ ఒకటే లెండి. మా అత్త కన్యాకుమారి మా నాన్నకి సొంత అక్క. చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిప్పిన మేనత్తే తన కొడుకు ప్రమోద్‌కి, అంటే నా బావకి, నన్ను చేసుకొంది. అందుకని మేమిద్దరం మొహమాటాలేవీ లేకుండా పోట్లాడుకొంటాం.

నాకు గడియారాల పిచ్చి. లాక్‌డౌన్‌లో మా కొట్టు మూసి ఉన్నన్నాళ్ళూ ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకొన్నాను. ముందు మా బావ పాత చేతి గడియారం విప్పాను. మళ్ళీ బిగించాక రెండు మరలు మిగిలాయి, అయినా నడిచింది. అంతే, ఇక నన్ను పట్టుకోలేకపోయారు. వంటింటి పక్క గదిలో కిటికీ దగ్గర బల్ల వేసుకొన్నాను. కంటికి బిగించుకొనే భూతద్దం, సన్న పట్టకార్లు, మరలు పారిపోకుండా సీసా మూతలు. వీధిలో ఎవరింట గడియారం ఆగినా నా బల్ల మీదికి వచ్చేది. ఆగిపోయింది మళ్ళీ టిక్కుమన్నప్పుడు నాకు ఎంత సంతోషమో చెబితే నవ్వుతారు, అందుకని చెప్పను.

మా ఇంటి నడవలో గంటలు కొట్టే గోడ గడియారం ఉంది. మావ బతికున్నన్నాళ్ళూ ఏటా దీపావళికి దానికి కొబ్బరినూనె పోసేవాడు, ప్రేమకొద్దీ. ఆ నూనె జిగురై, దుమ్ము పట్టి, లోపలి పళ్ళచక్రాలు మురికిలో కూరుకుపోయాయి. రోజుకి పది నిమిషాలు వెనకబడేది. బావ ఫోన్ చూసి పెద్ద ముల్లు జరిపేవాడు. విప్పి కడుగుతానని నేను అడిగినప్పుడల్లా అత్త ఒంటికాలి మీద లేచేది. ఒక్క పూట కూడా అది ఆగడానికి వీల్లేదనేది.

ఆ గడియారమొక్కటే కాదు, ఆరు నెలలుగా అత్తకి నా మీద పెత్తనం ఎక్కువైపోయింది. బియ్యంలో రాళ్ళు తానే ఏరుకొనే మనిషి, చేట తెచ్చి నా ఒళ్ళో పడేసేది. సూదిలో దారం ఎక్కించమనేది. అగరొత్తుల పెట్టెల మీద పేర్లు చదవమనేది. నేల మీద ఒక్క మర పడితే చాలు, కాళ్ళకి గుచ్చుకొంటుందని ఇల్లెగిరిపోయేలా అరిచేది. మాది పూజాసామాన్ల కొట్టు, ఇంటి ముందు భాగమే కొట్టు. నలభై ఏళ్ళుగా కొట్లో ముందు కుర్చీ అత్తదే. కొట్లో మహారాణి, ఇంట్లో నా పాలిట పోలీసు అని బావతో అనేదాన్ని. బావ నవ్వి ఊరుకొనేవాడు.

మాఘమాసంలో సాలూరులో బంధువులింట ఓణీల ఫంక్షన్ వచ్చింది. అత్త వెళ్ళనంటే వెళ్ళనంది. ఆవిడ అక్క కూతురు అనూరాధ కారేసుకొచ్చి, చెయ్యి పట్టుకొని బలవంతాన తీసుకెళ్ళింది. మూడు రోజులన్నారు. కారు సందు మలుపు తిరగ్గానే నేను స్టూలు వేసుకొని గడియారం దించాను.

తలుపు ఊడదీసి చెక్కకి పాలిష్ పెట్టాను. యంత్రం బయటికి తీసి పెట్రోల్లో కడిగాను. ఇరుసులు తిరిగే చిల్లుల్లో పుల్లలు పెట్టి తిప్పితే నల్లటి ముద్దలు వచ్చాయి. గడియారాలకి వాడే నూనె సూదిమొనతో ఒక్కో చుక్క పెట్టాను. మూడో రోజు మధ్యాహ్నానికి మళ్ళీ గోడకెక్కించాను. దాని నడక వింటూ కాసేపు అన్నం కూడా తినలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ రకం గడియారంలో రెండు స్ప్రింగులుంటాయి. ఒకటి ముళ్ళని నడుపుతుంది, ఇంకోటి గంటలు కొడుతుంది. గంటలు కొట్టేదానికి ముళ్ళు ఎక్కడున్నాయో తెలియదు. మూడు కొట్టాక నాలుగు, నాలుగు కొట్టాక అయిదు, ఆ వరస ఒక్కటే దానికి తెలుసు. నేను రెండూ సరిగ్గానే కలిపాను. కలిపి ఊరుకోవాలా, ఆ మోత విని మురిసిపోయి ముచ్చటకొద్దీ మీట ఎత్తి ఇంకోసారి కొట్టించాను. ముళ్ళు నాలుగు చూపిస్తుంటే అది అయిదు కొట్టింది.

సరిచేద్దామని లేచేసరికి వాకిట్లో కారు ఆగింది. అత్త నేరుగా వచ్చి నడవలో కుర్చీలో కూర్చుంది. పాలిష్ ఆరని తలుపు గోడకి జేరవేసి ఉంది. తలుపు లేని గడియారం నోరు తెరుచుకొని వేలాడుతోంది. ఇంకేముంది, ఇప్పుడు పడతాయి అక్షింతలనుకొన్నాను. అత్త ఒక్క మాట అనలేదు. సాలూరులో పెట్టిన భోజనం గురించి చెప్పి కాఫీ అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మూడు రోజుల నా కష్టం తిట్టడానికి కూడా పనికిరాలేదన్నమాట. ఆ నోటితో గడియారం మాట ఎత్తేదాకా గంట సరిచేయకూడదని పంతం పట్టాను.

సాయంత్రం ఏడింటికి అది ఎనిమిది కొట్టింది. అత్త విసుక్కొంది. ఏడున్నరకి వచ్చే సీరియల్ అయిపోయిందట, టీవీ పెట్టి తనని పిలవలేదట. ఓహో, గంట తప్పు కొడుతోందని నోటితో అనకుండా ఇలా ఎత్తిపొడుస్తోందా అనుకొన్నాను. నేనూ పంతం వదల్లేదు. బావ కొట్లో రోడ్డు మోత మధ్య ఉన్నాడు, ఆయనకి ఇవేవీ వినబడవు. తొమ్మిది కొట్టగానే అత్త మాత్ర వేసుకొని పడుకొంది. టైము ఎనిమిది.

మర్నాడు పొద్దున బావ పార్సెలు దింపుకోవడానికి రైల్వేస్టేషనుకి వెళ్ళాడు. రోజూ కొట్టు తీసేది ఎనిమిదింటికి. ముళ్ళు ఏడు చూపిస్తుండగా గడియారం ఎనిమిది కొట్టింది. అత్త తాళాలు తీసుకొని హడావిడిగా లేచింది. ఎనిమిదైనా షట్టరు ఎత్తలేదు, తను మూడు రోజులు లేకపోతే కొట్టు ఇలా తగలడిందని మొదలుపెట్టింది. నేను వెళ్ళి అడ్డంగా నిలబడ్డాను.

“అత్తా, ఈ ఎత్తిపొడుపులు సాలు. తప్పు కొడతన్నాదని ఒక్క మాట అనీ, సరిచేసేస్తాను. అదిగో గడియారం. సూసి టైమెంతో సెప్పు.”

“సూస్తన్నాను కదే,” అంది అత్త. “ఎనిమిదీ అయిదు.”

ముళ్ళు ఏడూ అయిదు చూపిస్తున్నాయి. అత్త గోడవైపే చూస్తోంది. కాని ఆవిడ చూపు గడియారం మీద లేదు, జానెడు పక్కనున్న క్యాలెండరు మీద ఉంది.

చేట, సూది, అగరొత్తుల పెట్టెలు, నేల మీద మర, ఒక్కొక్కటే వచ్చి నెత్తిన పడ్డాయి. మూడు రోజులు గడియారం లోపల భూతద్దం పెట్టి చూసిన దాన్ని, ఆరు నెలలు ఎదురుగా ఉన్న మనిషి మొహంలోకి చూడలేదు.

ఎన్నాళ్ళయిందని అడిగాను. ముందు కసిరింది. నీకే కళ్ళు పోయాయంది. నేను కదలకుండా నిలబడేసరికి కుర్చీ తడుముకొని కూర్చుంది. దసరాల ముందునుంచీ అని చెప్పింది. బజార్లో పెట్టిన కంటి శిబిరంలో ఎవరికీ చెప్పకుండా చూపించుకొందట. నీటికాసులన్నారట. పోయిన చూపు రాదు, వెంటనే విశాఖపట్నం వెళ్తే మిగిలినదైనా నిలుస్తుందన్నారట. వెళ్తే బావకి తెలుస్తుంది. తెలిస్తే కొట్లోంచి లేపేస్తాడు. అందుకని వెళ్ళలేదు. ఇప్పుడు మనుషులు నీడల్లా కనిపిస్తారంది. కర్పూరం, కుంకుమ, గంధం వాసనతో పోల్చుకొని ఇచ్చేస్తున్నానంది.

“కుర్చీకోసం కళ్ళు పోగొట్టుకొంటావేటత్తా?” అన్నాను. కోపంగానే అన్నాను. నాకు ఏడుపు వచ్చినా కోపంలాగే వస్తుంది.

“కుర్చీకోసం కాదే. మా అమ్మని నువ్వు సూసేవు కదా.”

మా అత్త అమ్మంటే మా నాయనమ్మ. కళ్ళు పోయాక పదకొండేళ్ళు గరివిడి ఇంట్లో వెనక వసారాలో కూర్చుంది. వచ్చేపోయే ప్రతివాళ్ళనీ టైమెంతయిందని అడిగేది. ఇంట్లోవాళ్ళకి చెప్పీ చెప్పీ విసుగొచ్చి చెప్పడం మానేశారు.

“నువ్వప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లవి,” అంది అత్త. “పొద్దున్న పదింటికి అడిగితే సాయంత్రం ఆరని సెప్పేవు. పాపం, దీపం పెట్టండర్రా అని మా అమ్మ అరుస్తా ఉంటే అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను. ఆ గడియారం ఉన్నాదని ఎవర్నీ అడక్కుండా బతుకుతన్నానే. దాన్ని కూడా పాడుసేసేవు.”

నాకు గుర్తుంది. ఆ నవ్వులు నాకు గుర్తున్నాయి. నేను నేల మీద కూలబడి అత్త కాళ్ళు పట్టుకొని ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను, భయంతో ఏడ్చాను. అత్త నా తల తడుముతూ ఊరుకోవే అంటూనే, ప్రమోద్‌కి మాత్రం చెప్పొద్దని మూడుసార్లు అంది. ఒట్టు వేయమంది.

నేను ఒట్టు వేయలేదు. కాని నా నోటితో బావకి చెప్పనని మాత్రం చెప్పాను. మధ్యాహ్నం బండికి విశాఖపట్నం వెళ్దాం, బావ ఇంటికి రాగానే నువ్వే చెప్పాలి, కొట్లో నీ కుర్చీ ఎక్కడికీ పోదు, పక్కన నేను కూర్చుంటాను అన్నాను. అత్త లేచి నిలబడింది. గంట సరిచేయమంది.

స్టూలు ఎక్కాను. ఎనిమిది కొట్టేసిన గడియారాన్ని ఏడుకి వెనక్కి తేవడానికి ఉండదు. మీట ఎత్తి ముందుకే కొట్టించుకుంటూ పోవాలి. తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు, మళ్ళీ ఒకటినుంచి ఏడు దాకా. మొత్తం డెబ్బై గంటలు. నేను మీట ఎత్తుతున్నాను, అత్త కింద నిలబడి స్టూలు పట్టుకొని పైకే లెక్కపెడుతోంది. ఒక్కసారి కూడా లెక్క తప్పలేదు.

ఆఖరి ఏడు మొదలయ్యేసరికి బావ పార్సెలు భుజాన పెట్టుకొని లోపలికి వచ్చాడు. “ఏటే హైమా, ఆ మోత బజారు దాకా వినబడతన్నాది. గడియారం పాడైపోయిందేటి?” అన్నాడు.

ఏడో గంట మోగి ఆగింది. అత్త స్టూలు వదిలి, కొడుకు గొంతు వినబడినవైపు తిరిగింది.

“గడియారం బాగానే ఉన్నాదిరా,” అంది. “పోయినవి నా కళ్ళు. ఆ మూట దించి ఇలా వచ్చి కూర్సో.”