పదకొండు రూపాయల క్లిప్పు

ఏ వస్తువైనా అరచేతిలో పెడితే, అది టోకున ఎంతకి వస్తుందో చెప్పగలను. ఇరవై ఆరేళ్లుగా వన్ టౌన్‌లో ఫ్యాన్సీ సామాను టోకు వ్యాపారం నాది. గాజులు, బొట్టుబిళ్లలు, జడక్లిప్పులు, కాటుక, గోళ్ల రంగు. డజనుకి తక్కువ అమ్మను. ‘విడిగా ఇవ్వబడదు’ అని మా నాన్న రాయించిన బోర్డు ఇప్పటికీ గోడ మీద ఉంది.

మాకు పడిన ధరను డబ్బాల మీద అంకెల్లో రాయం. ఒక్కో అంకెకి ఒక్కో అక్షరం పెట్టుకున్నాం. ఒకటికి ‘క’. అంటే పదకొండు రూపాయలకి పడిన సరుకు డబ్బా మీద ‘కక’ అని పెన్సిల్‌తో రాసి ఉంటుంది. ఆ సంగతి మా నాన్న నాకు చెప్పాడు, నేను మా గుమాస్తా తవిటయ్యకి చెప్పాను. మూడో మనిషికి తెలియదనుకునేవాణ్ని.

మా ఆవిడ గౌరీశ్వరి నాకు మేనమామ కూతురు. మల్కాపురంలో మా ఇల్లు. వారంలో ఆరు రోజులు ఇంటివి, శుక్రవారం మధ్యాహ్నం మాత్రం ఆమెది. భోజనాలయ్యాక నీలం సంచి భుజానికి తగిలించుకుని బస్సెక్కేది. పాత పోస్టాఫీసు దగ్గర దిగి కురుపాం మార్కెట్ సందులన్నీ తిరిగేది. ఖర్చు రెండు వందలు దాటేది కాదు. సాయంత్రం ఆరింటికి వచ్చి, సంచిలోవి మంచం మీద ఒక్కొక్కటే తీసేది. కొత్త రకం సబ్బు ఒకటి, ఇంట్లో ఏ చీరకీ నప్పని రంగు రిబ్బను ఒకటి, చిన్న పొట్లంలో మాడుగుల హల్వా. ప్రతిదానికీ ఒక కథ ఉండేది. ఏ మూల దొరికింది, ఎవరు ముందు చెయ్యి వేశారు, ఈమె ఎలా దక్కించుకుంది.

నేను వస్తువు చేతిలోకి తీసుకుని, “ఇది మాకు ఆరు పడుతుంది, నీకు పాతిక వేశాడు” అనేవాణ్ని. ఆమె మేలు కోరే చెబుతున్నాననుకున్నాను. నష్టం చూసి చూడనట్టు ఊరుకోవడం నాకు చేతకాదు.

వేసవి మొదట్లో పక్కింటి అనూరాధ వాళ్ల మనవడి పుట్టినరోజుకి వెళ్లాం. గౌరి జడకి కొత్త క్లిప్పు పెట్టుకుంది. సీతాకోకచిలుక ఆకారం, రెక్కల అంచున ముత్యాల్లాంటి పూసలు. ఆడవాళ్లంతా చుట్టూ చేరారు.

“ఎక్కడ కొన్నావే గౌరీ?”

“డబ్బా అడుగున ఒక్కటే ఉండిపోనాది వదినా. కొట్టు నడిపే రాణి కూడా సూసుకోలేదు. నానే తీసీసాను. నలభై” అంటోంది గౌరి. ముఖం వెలిగిపోతోంది.

నా చేతిలో పులిహోర ప్లేటు ఉంది. నోట్లో ముద్ద ఉన్నా ఆగలేకపోయాను. “అది మాకు పదకొండే” అన్నాను.

అందరూ నవ్వారు. “ఏటి గౌరీ, మొగుడు గోడౌన్ ఎట్టుకుని కూకుంటే నువ్వు బయట మునిగిపోతన్నావా!” అంది అనూరాధ. గౌరి కూడా నవ్వింది. ఇంటికొచ్చాక క్లిప్పు తీసి బీరువాలో పెట్టేసింది. తర్వాతి శుక్రవారం నీలం సంచి గుమ్మం వెనక మేకుకే ఉండిపోయింది.

మొదటి వారం, పోనీలే రెండు వందలు మిగిలాయి అనుకున్నాను. రెండో వారం కూడా అలాగే అనుకున్నాను. నాలుగో శుక్రవారం సాయంత్రం ఇంట్లో కూర్చుని గమనిస్తే, ఆమె నాతో తొమ్మిది మాటలు మాట్లాడింది. అందులో రెండు ‘పప్పు’. అంతకుముందు ఆ వేళకి మంచం మీద సరుకంతా పరిచి, గంటసేపు చెప్పింది మళ్లీ చెప్పకుండా చెప్పేది. ఆ గంట ఖరీదు ఎంతో నేనెప్పుడూ లెక్క కట్టలేదు. ఉన్నంతకాలం అది ఊరికే వస్తోంది మరి.

సరుకు కొరత వస్తే సరుకు నింపాలి. నాకు తెలిసిన వైద్యం అదే. మర్నాడు కొట్టులోంచి పన్నెండు రంగుల క్లిప్పుల డబ్బా, బొట్టుబిళ్లల కట్ట, కాటుక డబ్బీలు డజను తెచ్చి ఆమె ముందు పెట్టాను. “నీకు కావలసినన్ని వాడుకో. ఇంక బయట కొనక్కర్లేదు.”

“అలాగే” అంది గౌరి. రెండు రోజుల్లో వీధిలో ప్రతి ఆడపిల్ల తల మీదా మా క్లిప్పే. గౌరి జడకి నల్ల రబ్బరుబ్యాండు.

మా అమ్మాయి హేమశ్రీ మద్దిలపాలెంలో ఒక ఆఫీసులో పని చేస్తుంది. ఆ రాత్రి అన్నం తింటూ నా మీద విరుచుకుపడింది.

“నాన్నా, అమ్మకి క్లిప్పులు లేక బాధపడతందనుకున్నావా?”

“మరేటి?”

“నువ్వు సినిమాకి వెళ్తే, హాల్లో కూర్చోగానే ఎవరో వచ్చి కథంతా చెప్పేస్తే ఎలాగుంటాది? నువ్వు అమ్మకి ప్రతి శుక్రవారం అదే చేశావు. పైగా ఆ రోజు ఊరందరి ముందూ చేశావు.”

సినిమా టిక్కెట్టు ధర కూడా ఈ మధ్య ఎక్కువే అనబోయి ఊరుకున్నాను.

ఆ గురువారం మధ్యాహ్నం తవిటయ్యని కొట్టు చూడమని చెప్పి రాణి దుకాణానికి నడిచాను. నా కొట్టుకి నాలుగు సందుల అవతలే. పద్నాలుగేళ్లుగా నా దగ్గర డజన్లు తీసుకెళ్లే మనిషి. నేనొక్కనాడూ ఆమె గుమ్మం తొక్కలేదు. నలుగురు పట్టే కొట్టు. గోడంతా వేలాడే గొలుసులు. ముందు బల్ల మీద డబ్బాలు, వాటి మీద నా పెన్సిల్ రాతలు.

“ఏటి బాబుగారూ, దారి తప్పారా?” అంది రాణి.

“ఒక క్లిప్పు కావాలి.”

“డజనా?”

“ఒక్కటి.”

రాణి అటూ ఇటూ చూసి, “విడిగా ఇవ్వబడదు” అంది, అచ్చం మా బోర్డులాగే. బేరమాడుతున్న ఇద్దరు ఆడవాళ్లు పకపకా నవ్వారు.

“వేళాకోళం చాలు గాని, మా ఆవిడ నీ దగ్గరకొచ్చి ఏం చేస్తుందో చెప్పు.”

“అక్కేటి సేస్తాది? ఒక్కటి కొనడానికి ఇరవై సూస్తాది. నాను అద్దం పడతాను. ఇటు తిరుగుతాది, అటు తిరుగుతాది. పక్కనోళ్లని అడుగుతాది. ఆళ్లకి ఏది బాగుంటాదో ఈవిడే సెప్తాది. అక్క ఉన్న గంటలో నాకు నాలుగు బేరాలు ఎక్కువౌతాయి. నెల దాటిపోనాది, రావట్లేదు. ఒంట్లో బాగోలేదేటి?”

“బాగానే ఉంది” అన్నాను.

డబ్బాలు వెతికాను. చెయ్యి తగలగానే పదకొండు, తొమ్మిది, పద్నాలుగు అని తెలిసిపోతోంది. అందమైనది ఏదో మాత్రం తెలియట్లేదు. చివరికి ఆకుపచ్చది ఒకటి తీశాను. రాణి ఊరుకోలేదు. అద్దం ఎత్తి నా ముఖానికి పట్టింది. క్లిప్పు నా బట్టతల మీద నిలబెట్టింది.

“సూడండి, సరిపోనాదా?”

ఈసారి నేనూ నవ్వాను. అద్దంలో నా నవ్వు చూసుకుని చాలాకాలమైంది.

నలభై అంది. బేరమాడలేదు. నాకు పదకొండుకి పడి, రాణికి పద్నాలుగుకి నేనే అమ్మిన సరుకు అది. ఫోన్‌తో స్కాన్ చేయగానే, బల్ల మీది చిన్న స్పీకరు పెట్టె “నలభై రూపాయలు అందాయి” అని సందంతా వినబడేలా అరిచింది. ఇరవై ఆరేళ్ల వ్యాపారంలో నా నష్టాన్ని చాటింపు వేయించుకోవడం అదే మొదలు.

మలుపులో ముంత మసాలా బండి కనిపించింది. శుక్రవారాలు గౌరి అక్కడ తింటుందని కథల్లో విన్నాను. అదీ ఒకటి కట్టించుకున్నాను. బస్సులో ముప్పావు గంట పట్టింది.

ఇంటికెళ్లి రెండూ ఆమె ముందు పెట్టాను. గౌరి ముందు పొట్లం విప్పింది. మరమరాలు నానిపోయి ముద్దగా ఉన్నాయి. టమాటా నీరు కాగితంలోంచి కారుతోంది.

“ఏటిది బావా?”

“ముంత మసాలా.”

“ముంత మసాలా ఎవరైనా ఇంటికి తెస్తారేటి? కలిపినోడి ఎదుట నిలబడి, కరకరమంతంటే తినాల. నిమ్మకాయ ఇంకో సుక్క పిండించుకోవాల. నీకు ఇదీ తెలీదా?” నెల రోజుల్లో మొదటిసారి ఇన్ని మాటలు. నేను లెక్కపెట్టడం మానేశాను.

తర్వాత క్లిప్పు చూసింది. “ఎంత?”

“నలభై.”

“బేరమాడలేదా?”

“లేదు.”

“నాను ముప్పైకి తెచ్చీదాన్ని” అంటూ క్లిప్పు వెలుగుకి పట్టింది. “కక.”

నాకు అర్థం కాలేదు.

“డబ్బా మీద నీ రాత, కక. అంటే పదకొండు. పదేళ్ల కిందటే కనిపెట్టీసాను బావా. రాణి కొట్టులో పెతీ శుక్రవారం ఆ డబ్బాలే కదా సూసీది, ఇంటికొస్తే ధర నువ్వే సెప్పీవోడివి. నాకు తెలీదనుకున్నావా?”

“తెలిసీ ఆ సీతాకోకచిలుకకి నలభై ఎందుకు ఇచ్చావ్?”

“క్లిప్పుకి పదకొండే. మిగతాది అద్దం పట్టినందుకు.” గౌరి నా వైపు తిరిగింది. “నువ్వు ఎప్పుడైనా నాకు అద్దం పట్టావా? నాను మంచం మీద అన్నీ పరిచి, ఎలాగుంది అని అడిగితే, నువ్వు ధర సెప్పావు. అడిగింది ఎంత అని కాదు కదా.”

నిజమే. ఇన్నేళ్లుగా ఆమె ఒకటి అడిగితే నేను ఇంకొకటి ఇచ్చాను. కొట్టులో ఎవరైనా కాటుక అడిగితే దువ్వెన చేతిలో పెట్టి పంపిస్తానా?

“రేపు శుక్రవారం” అన్నాను. “నేనూ వస్తాను. ఆ మసాలా అక్కడే తిందాం.”

“నువ్వా? పెతీ కొట్టులోనూ ధరలు సెప్పీసి నా పరువు తీస్తావ్.”

“చెప్పను.”

“ఒక్కటి సెప్పినా మధ్యలో బస్సెక్కించి పంపించీస్తాను.”

“ఒప్పుకున్నాను.”

మర్నాడు భోజనాలయ్యాక గౌరి గుమ్మం వెనక నుంచి నీలం సంచి తీసింది. దుమ్ము దులిపింది. ఫ్యాక్టరీల పొగకి మల్కాపురంలో నెలరోజులు వదిలేస్తే ఏదైనా నల్లబడుతుంది, సంచి బాగానే దులపాల్సి వచ్చింది. బస్సులో కిటికీ పక్కన ఆమె కూర్చుంది.

ఐదు కొట్లు తిరిగాం. ఒకచోట బొట్టుబిళ్లలు చూసి నా నాలుక చివరిదాకా ‘నాలుగు’ వచ్చింది. దగ్గినట్టు నటించాను. గౌరి ఓరగా చూసింది కానీ ఏమీ అనలేదు. ముంత మసాలా బండి దగ్గర నిమ్మకాయ ఇంకో చుక్క పిండమని నేనే అడిగాను. కరకరలాడింది. ఆమె చెప్పింది నిజమే, ఇది ఇంటికి తెచ్చుకునే సరుకు కాదు.

రాణి మమ్మల్ని చూడగానే స్టూలు లాగింది. “రా అక్కా, రా. బాబుగారు నిన్న కొన్న క్లిప్పు నచ్చిందా?”

“రంగు బాగోలేదు గాని, కొన్న మనిషి బాగున్నాడు” అంది గౌరి. డబ్బాలు వరసగా తెరిచింది. ఎర్రది పెట్టుకుంది, తీసింది. తెల్లది పెట్టుకుంది.

అప్పుడే ఇంకో బేరం వచ్చింది. రాణి తను పట్టుకున్న అద్దం నా చేతికిచ్చేసి, “కొంచెం పట్టండి బాబుగారూ” అని అటు తిరిగింది.

గౌరి కొత్త క్లిప్పు ఒకటి తీసింది. నా చెయ్యి అలవాటుగా దాన్ని అందుకుని బరువు చూడబోయింది. అద్దం జారబోయేసరికి, రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకున్నాను.

“ఎలాగుంది?” అంది గౌరి, ఆ సీతాకోకచిలుక క్లిప్పు చెవి పక్కన పెట్టుకుని.

“బాగుంది.”

“సరిగ్గా సూసి సెప్పు.”

సరిగ్గా చూశాను. చెవి పక్కన రెండు తెల్ల వెంట్రుకలు కొత్తగా వచ్చాయి. వాటి మీదుగా నీలిరంగు రెక్క వాలి ఉంది.

“చాలా బాగుంది.”

“అయితే ఇంకొంచెం పైకెత్తు బావా” అంది, మెడ వంచి అద్దంలోకి చూస్తూ. “ఇంకా పదైదు ఉన్నాయి సూడాల్సినవి.”