కంటి ఉప్పు

గాజువాకలో త్రినాథరావు ఇంట్లో ఎవరు స్నానానికి వెళ్లినా వీధి చివరిదాకా తెలిసిపోయేది. బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ అంత మోత మోగేది. స్టీల్‌ప్లాంట్‌లో నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునే మనిషాయె, ఆయనకి ఆ ఫ్యాన్ మీద ఉన్నంత పగ ఆస్తి పంచుకున్న పాలోళ్ల మీద కూడా లేదు. తణుకు నుంచి వచ్చి పన్నెండేళ్లయింది, ఈ ఊళ్లో ఆయనకి పడనిది అదొక్కటే.

"సముద్రపు గాలి కదండీ, ఉప్పు పట్టేసుంటుంది," అంది భార్య గౌరీశ్వరి. విశాఖలో తలుపు గడియ బిగుసుకున్నా, సైకిల్ చైను తెగినా నేరం ఉప్పుగాలి మీదికే తోస్తారు. ఆవిడా తోసేసింది.

కొత్తది వేయిద్దామంటే కూతురు ధనశ్రీ మాత్రం, "ఉండనీ నాన్నా, అలవాటైపోయింది," అంది. ఆ పిల్ల రెండేళ్లుగా ద్వారకా నగర్‌లో హాస్టల్లో ఉండి లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుంటోంది. మెడిసిన్ సీటు రెండుసార్లూ తప్పిపోయింది. మూడోసారి చేరడానికి సోమవారం వెళ్లాలి. సెలవులకి ఇంటికొచ్చిన ఈ నెలరోజులూ, పూటకో గంట ఫ్యాన్ వేసుకుని స్నానం చేసేది. ఆమె బయటికొచ్చాక కూడా బకెట్ నిండుగానే ఉండేది గానీ, ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

శనివారం పొద్దున ఎలక్ట్రీషియన్ సింహాద్రి కొత్త ఫ్యాన్ పట్టుకొచ్చాడు. గంగవరం జాలరి ఇంట పుట్టి, వల వదిలేసి కరెంటు పని పట్టిన నడివయసు మనిషి. స్టూలెక్కి పాత ఫ్యాన్ దింపాడు. రెక్కల మీద వేలెడు మందాన తెల్లటి ఉప్పు. కాస్త గీరి నాలిక మీద వేసుకున్నాడు.

"ఇది సముద్రం ఉప్పు కాదు సార్. కంటి ఉప్పు."

"సరిగ్గా చూడవయ్యా," అన్నాడు త్రినాథరావు.

"నాను సూత్తన్నదే కదండీ. నెలకి ఒకటి రెండిళ్లలో తగుల్తాది. పెద్దోళ్లదైతే సేదుంటాది. దీనికి సేదు లేదు. సిన్న వయసు."

ఆ ఇంట్లో చిన్న వయసు ఒక్కరిదే. గౌరీశ్వరి గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. త్రినాథరావు ఆ ఉప్పు వంకే చూశాడు. నెల్లాళ్లుగా గోడకి ఇవతల ఫ్యాన్‌ని తిట్టుకుంటూ, చెవుల మీద తలగడ వేసుకుని పడుకున్నాడు.

సింహాద్రి వెళ్లాక ఆయన కూతురి గదిలోకి వచ్చాడు. ధనశ్రీ హాస్టల్‌కి ట్రంకు పెట్టె సర్దుకుంటోంది. పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"మాకు వినపడకూడదనా అమ్మా, ఆ ఫ్యాను?"

తలూపింది.

"డాక్టరవుతానని నువ్వే కదా అన్నావు?"

"మూడో క్లాసులో అన్నాను నాన్నా."

పదకొండేళ్ల కిందటి మాట. దాన్ని పట్టుకుని ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పుకున్నాడు తప్ప, మళ్లీ ఒక్కసారి పిల్లని అడుగుదామని తోచలేదు. ఆయనకి సిగ్గేసింది.

"మరి ఇప్పుడేం చెయ్యాలనుంది తల్లీ?"

ధనశ్రీ చేతిలో ఉన్న పుస్తకం పెట్టె పక్కన పెట్టేసింది.

"ముందు నిద్రపోవాలనుంది."

పెట్టెలో సర్దిన దుప్పటి తీసి ఆయనే మంచం మీద పరిచాడు.

సోమవారం పొద్దున డ్యూటీ దిగి వచ్చి, త్రినాథరావు బూట్లు వీధిలోనే విప్పి చేత్తో పట్టుకుని లోపలికి నడిచాడు. ద్వారకా నగర్ వెళ్లాల్సిన టైము దాటిపోయింది. ధనశ్రీ ఇంకా నిద్రపోతూనే ఉంది. ఆయన లేపలేదు.