కుందేలమ్మ నవ్వు

గిన్నె అడుగున మాడిన ఆకుకూర ఎప్పుడో వదిలిపోయింది. అయినా రొవీనా పీచు పెట్టి తోముతూనే ఉంది. గిన్నె కింద పెడితే చర్చి హాల్లోకి వెళ్లాలి. హాల్లోకి వెళ్తే అమ్మ మొహం చూడాలి. హాల్లో సినిమా అయిపోయింది, కోడివేపుళ్లూ కేకులూ కూడా అయిపోయాయి కానీ పిల్లలు ఇంకా ఇళ్లకి కదల్లేదు. ఇప్పుడే చూసిన బొమ్మల సినిమాలోని కుందేలమ్మలా వేళ్లు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగరేస్తూ, "చిత్తం దొరా, చిత్తం" అని వంగి వంగి కిసకిస నవ్వుతున్నారు. పెద్దవాళ్లు ఇంకోసారి, ఇంకోసారి అని చేయించుకుంటున్నారు.

ఆ నవ్వు రొవీనా తల్లి ఓపలీన్‌ది. ఆ వంగడం, ఆ వేళ్లు, కుందేలమ్మకి ముందు పన్ను లేకపోవడం, అన్నీ ఓపలీన్‌వే. మేకన్ ఊళ్లో ఆ చర్చికి వచ్చే ప్రతివాళ్లకీ ఆ సంగతి తెలుసు. తెలియనివాళ్లు ఎవరైనా మిగిలితే చర్చిలో అందరూ సిస్టర్ అని పిలిచే లూవీనియా వాళ్ల కోసం గట్టిగానే చెప్పింది: "ఏమే ఓపలీన్, ఎవరో చాటుగా నిన్ను చూసి గీసుకుపోయారే! పన్నుతో సహా దించేశారు!" హాలంతా గొల్లుమంది. ముందు వరసలో ఊదారంగు టోపీ పెట్టుకుని కూర్చున్న ఓపలీన్ కూడా నవ్వబోయింది. అలవాటు కొద్దీ చెయ్యి లేచింది. సగంలో ఆగింది. నోటిదాకా రాకుండానే దిగి ఒళ్లో పడింది. వెనక నిలబడి అది చూసిన రొవీనా అక్కణ్నుంచి నేరుగా వంటింట్లోకి వచ్చి, ఎవరూ చెప్పకుండానే అంట్లు ముందేసుకుంది.

పాస్టరు చుట్టూ తిరిగి ఈ ప్రదర్శన పెట్టించింది ఓపలీనే. "మా అమ్మాయి గొంతు ఉంది అందులో" అని నెలరోజులుగా అందరికీ చెప్పుకుంది. తీరా చూస్తే ఆ గొంతు లేదు, ఎవరో నటి గొంతు ఉంది. కూతురి గొంతు వినడానికి కొత్త టోపీ పెట్టుకుని వచ్చి, తన నవ్వు చూసుకుని వెళ్తోంది.

గొంతు మొదట్లో ఉండేది. రొవీనా భర్త టెరెల్‌కి అట్లాంటాలో చిన్న యానిమేషన్ కంపెనీ ఉంది. నల్లవాళ్లు బానిసలుగా ఉన్న కాలం నుంచి నోటినోటా వస్తున్న కుందేలు కథల్ని ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేలా కొత్తగా తీస్తాడు. ఆ కథలు అతనికి రావు. అతను పెరిగిన ఇంట్లో ఎవరూ చెప్పలేదు. రొవీనా కూతుర్ని పడుకోబెడుతూ చెబుతుంటే గుమ్మంలో ఫోను పట్టుకుని కూర్చునేవాడు. "నన్ను పట్టించుకోకు రోవీ, నీ పాటికి నువ్వు చెప్పుకుంటూ పో" అనేవాడు. తర్వాత, పెద్ద నటి వచ్చి మాటలు చెప్పేదాకా బొమ్మలు గీసేవాళ్లకి ఆధారంగా ఎవరో ఒకరు ఆ మాటలు చదివిపెట్టాలన్నాడు. ఆ ఎవరో ఒకరు రొవీనాయే. పళ్ల డాక్టరు దగ్గర పొద్దుటి నుంచీ నిలబడి జనం నోళ్లలోకి లైటు పట్టిన మనిషి, ఇంటికొచ్చి, పొయ్యి మీద అన్నం పడేసి, బయటి చప్పుడు పడకుండా కోట్లు తగిలించే అరలోకి దూరి, చెమటలు కక్కుకుంటూ మైకు ముందు నక్కలా, కుందేలులా మాట్లాడేది. బయట అన్నం మాడేది. మాడిందని కూడా ఆమే మాట పడేది. ఒకసారి, నా పేరు ఎక్కడన్నా వేస్తారా అని అడిగింది. "మొగుడికి కథ చెప్పినందుకు బిల్లు వేస్తావా ఏంటి?" అని నవ్వేశాడు టెరెల్. పక్కనే ఉన్న అత్తగారు అందుకుంది: "నా కొడుకు నీ కబుర్లని కూడా పనికొచ్చేట్టు చేశాడు. సంతోషించమ్మా." రొవీనా సంతోషించింది. అదే, తల్చుకుంటే సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయేది.

ఇవన్నీ ఎవరిమీదికైనా తోసెయ్యొచ్చు. నవ్వు మాత్రం ఎవరిమీదికీ తోయడానికి లేదు. అది ఆమే ఇచ్చింది. ఓ ఆదివారం టెరెల్ ఆఫీసువాళ్లు భోజనానికి వచ్చారు. కుందేలమ్మ చప్పగా ఉంది, నవ్వు రావట్లేదు అని వాళ్లలో వాళ్లు అనుకుంటున్నారు. చేతిలో అన్నం గిన్నెతో నిలబడి ఉన్న రొవీనా, గిన్నె బల్ల మీద పెట్టి, వంగి, వేళ్లు నోటికి అడ్డం పెట్టుకుని అమ్మలా నవ్వింది. బల్ల బల్లంతా పొట్టలు పట్టుకుంది. ఒకడు ఫోను తీశాడు. "మళ్లీ, మళ్లీ" అన్నారు. మళ్లీ చేసింది. పన్ను లేనట్టు పెదవి లోపలికి మడిచి కూడా చేసింది. ఎవరూ అడగలేదు ఆ పని. టెరెల్ ఆమె వంక చూశాడు, పెళ్లికి ముందు చూసినట్టు. ఆ చూపు కోసం అమ్మని పళ్లెంలో పెట్టి వడ్డించేసింది.

"ఆ గిన్నెకి చిల్లు పడుతుందే" అంది వెనకనుంచి ఓపలీన్.

కేకు పళ్లెం గట్టు మీద పెట్టింది. టోపీ తీసేసి చేత్తో పట్టుకుంది. రొవీనా వెనక్కి తిరగలేకపోయింది.

"అమ్మా, నేను..."

"నువ్వేనని తెలుసులే. నేను గిన్నెలు కడిగితే పక్కన నిలబడి నన్ను చూసిన కళ్లు నీవి తప్ప ఇంకెవరివి?"

"నీ పన్ను గురించి నువ్వు సిగ్గుపడతావని తెలిసి కూడా చేశానమ్మా. నాకు బుద్ధి లేదు."

"పన్నా?" ఓపలీన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "పన్ను ఊడింది నీ పెళ్లయిన ఏడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టడం నీ చిన్నప్పటి నుంచీ ఉంది."

రొవీనా కుళాయి కట్టేసింది.

"తెల్ల దొరసాని ఇంట్లో పని చేసేదాన్ని కదా. ఆవిడకి ఆదివారాలు కూడా నేను రావాలి. రానంటే పని పోతుంది. చిత్తం అమ్మగారూ, తప్పకుండా వస్తాను, కాకపోతే పిల్లకి ఒళ్లంతా పొక్కులు లేచాయండీ, నాకేం కాలేదు ఇంకా, అన్నాను. అంటుకుంటుందని ఆవిడే నన్ను వాకిట్లోకి తోసి తలుపేసుకుంది. ఆ ఏడంతా ఏదో ఒక వంక. నీ ఒంటిమీద దోమకాటు కూడా లేదే! ఆదివారాలు నీ దగ్గర ఎట్లా ఉన్నాననుకున్నావ్?"

సినిమాలో పిల్లల్ని ఎత్తుకుపోవడానికి వచ్చిన నక్కతో కుందేలమ్మ చెప్పే మాటలవే. తీసుకెళ్లండి దొరా, కాకపోతే ఒళ్లంతా పొక్కులు. చిన్నప్పటి నుంచీ రొవీనా అది కుందేలు కథే అనుకుంది.

"వస్తున్న నవ్వుని ఆవిడ కంట పడనివ్వకుండా ఈ చేత్తో మూసుకునేదాన్ని. నాది భయమనుకునేది ఆ పిచ్చిది. ఇంటికొచ్చి నీకు కథ చెప్పేటప్పుడు నక్క మోసపోయి వెనక్కి వాగు దాటేదాకా కుందేలమ్మ చేత నవ్వించానా ఎప్పుడైనా? ఈ సినిమాలో మాటకోసారి నవ్వుతోంది, నక్క మొహం మీద. పిచ్చిదానిలా." ఓపలీన్ టోపీ అంచు సవరించుకుంది. "ఇప్పుడు ఊరందరికీ తెలిసిన చెయ్యి అయిపోయింది. వచ్చే ఆదివారం ఇదే చర్చిలో నేను ఏం అడ్డం పెట్టుకుని నవ్వాలే?"

క్షమించమని అడగడానికి కూడా రొవీనాకి మొహం చెల్లలేదు. అమ్మ కూడా పోనీలే అనలేదు.

తలుపు తోసుకుని టెరెల్ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "పిల్లల్ని చూశావా రోవీ? వచ్చే భాగమంతా కుందేలమ్మదే! ఆ నవ్వు ఓ అరడజను రకాలుగా చేసిపెట్టాలి నువ్వు. ఒకటి ఇప్పుడే చెయ్యి, ఊపులో ఉన్నాం." అప్పటికే ఫోను పైకెత్తాడు. అప్పుడు కుర్చీలో ఓపలీన్ కనిపించింది. "మీరేం అనుకోరుగా అత్తమ్మా? మన కథలు ప్రపంచం చూస్తోంది."

"అనుకోవడానికేముంది నాయనా, తప్పకుండా, మంచిమాట" అంది ఓపలీన్. చెయ్యి నోటికి అడ్డం వెళ్లింది. ఆ వేళ్ల పైనుంచి ఆమె కళ్లు అల్లుణ్ని తాపీగా చూస్తున్నాయి.

టెరెల్ అటు చూడనే లేదు. "ఊఁ, రోవీ."

"అలాగే" అనబోయింది రొవీనా. బిల్లు వేస్తావా అన్నరోజు అన్నట్టే, అన్నం మాడిన రోజుల్లో అన్నట్టే. అనబోతూ చూసుకుంది. సబ్బునీళ్లు కారుతున్న తన చెయ్యి కూడా పైకి లేచి, నోటికి అడ్డం ఉంది. ఎవరినీ అనుకరించడానికి కాదు. ఎప్పటి నుంచి అలా లేస్తోందో ఆమెకి తెలియదు.

చెయ్యి దించి గౌనుకి తుడుచుకుంది. అమ్మ కుర్చీకీ ఆ ఫోనుకీ మధ్యకొచ్చి నిలబడింది.

"ఫోను లోపల పెట్టు టెరెల్" అంది. "నువ్వు వాగు దాటేదాకా మేం నవ్వం."