బొట్టు పెట్టిన బోల్టు

మధ్యాహ్నం రెండయింది. ఇంకా మూడు వందల పన్నెండు బోల్టులు మిగిలాయి. ఇన్‌స్పెక్టరు నాలుగింటికి వస్తాడు.

జానయ్య టైర్ల గోడ వెనక మోకాళ్ల మీద కూర్చుని పానా తిప్పుతున్నాడు. తుర్కయంజాల్ దాటాక సాగర్ రోడ్డు పక్కన, ఒకప్పుడు కంది చేలుండే నేలలో వేసిన కార్ల రేసు ట్రాకు అది. మే నెల ఎండకు తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. ట్రాకులో అన్నిటికన్నా పొడవైన తిన్నని దారి ముగిసి కార్లు ఒక్కసారిగా కుడికి తిరగాల్సిన మూల ఇది. తిరగలేకపోయిన కారును ఆపడానికే ఈ గోడ. పాత టైర్లను దొంతరలుగా పేర్చి, ఒక్కో దొంతరను పక్కదానితో బోల్టులు వేసి బిగించి, ముందు వైపు మందపాటి రబ్బరు పట్టా తొడుగుతారు.

ఆ పానా మామూలుది కాదు. చాలినంత బిగువు రాగానే టక్కుమంటుంది. టక్కుమంటేనే బోల్టు బిగిసినట్టు లెక్క. కంపెనీ అలాంటివి రెండు ఇచ్చింది. ఒకటి సోమవారం నుంచి టక్కుమనడం మానేసింది. దాన్ని బాగుచేయించమని అడిగితే, కొత్తది దారిలో ఉందన్నారు. అది ఏ దారిలో ఉందో ఎవరికీ తెలియదు.

ఈ ఏడు కార్లకు కొత్త ఇంజన్లు వచ్చాయి. నిరుడు ఈ మూలకు గంటకు రెండు వందల యాభై కిలోమీటర్ల వేగంతో వచ్చిన బండి ఇప్పుడు రెండు వందల డెబ్భైతో వస్తుంది. చైతన్యపురి నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో స్తంభాల మీది పోస్టర్లలో ఎక్కడ చూసినా ఆ అంకే. వేగం పెరిగితే గోడ మందం పెరగాలని రూలు. కాబట్టి నాలుగు వరసల గోడ ఆరు వరసలయింది, బోల్టులూ ఆ మేరకు పెరిగాయి. బిగించేవాళ్లు మాత్రం నిరుడున్న ఇద్దరే, జానయ్య, సీతారాములు. కూలీ కూడా నిరుటిదే, రోజుకు తొమ్మిది వందలు. గోడకు ఎన్ని టైర్లుండాలో రాసిన రూల్సు పుస్తకంలో, దాన్ని కట్టడానికి ఎంతమంది ఉండాలో రాయలేదు. రాసేవాళ్లకు గోడ కనిపిస్తుంది గాని గోడ వెనక అరిగే మోకాళ్లు కనిపించవు.

జానయ్య బోల్టు బిగించి, టక్కుమన్నాక, పక్కనున్న డబ్బాలో కుంచె ముంచి బోల్టు మీద పసుపు పెయింటుతో ఒక చుక్క పెట్టాడు. అక్కడందరూ దాన్ని బొట్టు అంటారు. ఆ మాట తెచ్చింది జానయ్యే. పాతికేళ్ల కిందట నల్గొండ పల్లె నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో లారీ టైర్ల దుకాణంలో చేరినప్పటి నుంచి అతనికదే అలవాటు. చక్రం బిగించాక ప్రతి నట్టుకూ ఒక బొట్టు. సాగర్ రోడ్డు మీద తిరిగే లారీ డ్రైవర్లు కిందికి వంగి బొట్టు చూసుకునిగాని బండి ఎక్కేవాళ్లు కాదు. ఈ ట్రాకు పనికి వచ్చిన మొదటి ఏడు ఇన్‌స్పెక్టరు రాఘవేంద్ర ఆ పద్ధతి చూసి ముచ్చటపడ్డాడు. పన్నెండు వందల బోల్టులు ఒక్కొక్కటీ తిప్పి చూడడం ఎవరి తరం? బిగించినదానికి గుర్తుండాలని పుస్తకంలో రాయించాడు. అప్పటి నుంచి జానయ్య బొట్టు రూలయింది. ఇన్‌స్పెక్టరు పది బోల్టులు తిప్పి చూస్తాడు, మిగతావాటికి బొట్టు చూసి సంతకం పెడతాడు.

పాతికేళ్లలో బిగించని నట్టుకు జానయ్య బొట్టు పెట్టలేదు, నిరుడు తప్ప.

"టైమెంతయిందో చూశారా జానయ్యా?"

సైటు మేనేజరు నాగార్జున గోడ మీదుగా తొంగిచూశాడు. గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం అతనిది. ముప్పై అయిదేళ్లుంటాయి. మనిషి చెడ్డవాడు కాదు. మొన్న జానయ్య ఎండకు కళ్లు తిరిగి కూలబడితే తన కారులో కూర్చోబెట్టి ఏసీ వేసినవాడే.

"సూస్తనే ఉన్న సారూ. ఒక్క పానాతోని ఎంతని తిప్పుదు? ఎన్మిది గంటల పని ఉన్నది ఇంక."

"నాలుగింటికి ఆయనొస్తాడు. రేపు ఏడింటికి ప్రాక్టీసు. వాయిదా వెయ్యడం నా చేతిలో లేదు."

"మరి సీదా దారిల ఒక వంకర పెట్టుండ్రి. రెండు టైర్ల దిమ్మెలు అడ్డమేస్తే బండ్లు మెల్లగొస్తయ్. గోడ పని రేపు ప్రాక్టీసు అయినంక జేస్కుంటం."

నాగార్జున చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "నేనడగలేదనుకున్నారా? రెండుసార్లు మెయిల్ పెట్టాను. రెండు వందల డెబ్భై అని ఊరంతా అంటించాక ఇప్పుడు వంకర పెడితే టీవీ వాళ్లు ఒప్పుకోరంట." కాస్త ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. "ముందు బొట్లు పెట్టేయండి. ఆయన చూసి వెళ్లాక బిగించుకుందురు గాని."

జానయ్య చేతిలో పానా ఆగిపోయింది.

అవే మాటలు. నిరుడు ఇదే మూలలో, ఇదే మనిషి నోట. అప్పుడు నలభై బోల్టులు మిగిలాయి. నలభయ్యే కదా అనుకున్నాడు జానయ్య. బొట్లు పెట్టాడు. రాఘవేంద్ర పది బోల్టులు తిప్పాడు, అవి ఆ నలభైలోవి కావు. సంతకమైంది. సంతకమవగానే ట్రాకు మూసేశారు. ఇన్‌స్పెక్షను అయ్యాక కూలీలు లోపల ఉండకూడదు, అది భద్రత కోసం పెట్టిన రూలే. మర్నాడు జానయ్య ఆరింటికే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. పాసు లేదన్నారు. ఫోను చేస్తే నాగార్జున ఎత్తలేదు. ఏడుంబావుకు ఒక కారు మూల తిరగలేక గోడను కొట్టింది. డ్రైవరుకు చిన్న గీత కూడా పడలేదు, దులుపుకుని లేచి నడిచి వెళ్లాడు. బిగించని దొంతర ఊడి వెనక్కి ఎగిరింది. వెనక జెండా పట్టుకుని ఉపేంద్ర నిలబడి ఉన్నాడు.

ఉపేంద్ర చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటరులో ఫిజిక్సు చెప్పేవాడు. సెలవు రోజుల్లో రేసులకు మార్షలుగా వచ్చేవాడు. కారు అదుపు తప్పిందని కనిపించగానే విజిలు ఊది మిగతావాళ్లను తప్పించడం మార్షలు పని. ఆ ఉదయం అతను ఊదాడు, వెనకున్న ఇద్దరు పక్కకు దూకి బతికారు. గేటు బయట పానా పట్టుకుని నిలబడ్డ జానయ్యకు ఆ విజిలు వినబడింది. మధ్యలో తెగిపోవడమూ వినబడింది.

ఏడాదయింది. ఎల్బీనగర్ చౌరస్తాలో పోలీసు విజిలు వేస్తే జానయ్యకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. ఊది ఆపేవరకు ఊపిరి బిగబట్టి ఉంటాడు. ఇంట్లో కుక్కరు తీసి అటక మీద పెట్టమన్నాడు. ఎందుకని భార్య లచ్చమ్మ అడగలేదు. అప్పటి నుంచి గిన్నెలోనే అన్నం వండుతోంది.

గోడ వెనక అతను కూర్చున్న చోట కూడా ఎవరో నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. ప్రమాదానికి ముందురోజు, ఇన్‌స్పెక్షనుకు కాస్త ముందు, ఉపేంద్ర వచ్చి నిలబడ్డ చోటే అది. "ఇవన్నీ నీ బొట్లేనా పెద్దాయనా? అయితే నిశ్చింతగా నిలబడతాను" అని నవ్వాడు. జానయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే అతనికి తన ముఖం మీద తనకే అసహ్యం పుడుతుంది.

"వింటున్నారా?" అన్నాడు నాగార్జున.

"ఇంటున్న సారూ."

"సీతారాములుకి చెప్తున్నాను. అతను ఆ చివర నుంచి పెట్టుకొస్తాడు. మీరు ఈ చివర నుంచి రండి." జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు. అతని ఫోను మోగుతూనే ఉంది.

జానయ్య మరో బోల్టు బిగించాడు. టక్కుమంది. బొట్టు పెట్టాడు. ఆ పసుపు చూస్తే పోయిన ఆదివారం గుర్తొచ్చింది.

ఆ రోజు విజయదుర్గ అతని ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఉపేంద్ర భార్య. సైదాబాద్‌లో మందుల షాపులో పని చేస్తుంది. ఎల్బీనగర్ సందులో ఆ రెండు గదుల ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని, సంచిలోంచి కాగితాలు తీసింది.

"విచారణ కమిటీ వాళ్లు రిపోర్టిచ్చారండీ. గోడ సరిగ్గానే ఉందంట. ఈయనే గోడకి ఆనుకుని నిలబడ్డారంట, అది మార్షల్ చెయ్యకూడని పనంట." ఆమె గొంతు ఎక్కడా వణకలేదు. "ఆరేళ్లు చేశారండీ ఆ పని. స్పీడంటే ఆయనకి ప్రాణం, దాన్ని నేనేం అనను. కానీ గోడకి ఆనుకునే మనిషి కాదు. పిల్లలకి క్లాసులో అదే చెప్పేవారు, వేగం తప్పు కాదు, దాన్ని ఆపే ఏర్పాటు లేకపోవడమే తప్పని."

ఫోనులో ఫొటో చూపించింది. ఊడి పడ్డ దొంతర, చెక్కు చెదరని బోల్టు, దాని మీద పసుపు చుక్క. బోల్టు తెగలేదు, వంగలేదు. నట్టు లేదంతే.

"బొట్టు పెడితే బిగించినట్టే కదండీ. మరి ఇదెలా ఊడింది?"

ఆ ప్రశ్న అడగడానికి పెద్ద పెద్ద చదువులు చదివిన విచారణ కమిటీకి తోచలేదు, మందులమ్ముకునే ఆవిడకు తోచింది. కమిటీకి తోచినా అడగలేదేమో, ఎవరికి తెలుసు.

"నాకు తెల్వదమ్మా" అన్నాడు జానయ్య.

ఆమె కాగితాలు సంచిలో పెట్టుకుంది. లేచింది. లచ్చమ్మ అలవాటు కొద్దీ కుంకుమ భరిణె తెచ్చి, దగ్గరికి వచ్చాక గుర్తొచ్చి ఆగిపోయింది. భర్త పోయిన మనిషికి బొట్టు పెట్టొచ్చా అని ఆమె చెయ్యి ఒక్క క్షణం గాల్లో నిలిచింది. విజయదుర్గ తనే ముందుకు వంగింది.

"పెట్టండమ్మా. నేను మానలేదు."

"మా ఇంటికొచ్చిన ఆడిబిడ్డవు, ఉత్త నొసలుతోని ఎట్ల పంపుత బిడ్డా" అని లచ్చమ్మ బొట్టు పెట్టింది. జానయ్య తల ఎత్తలేకపోయాడు. లచ్చమ్మ పెట్టిన బొట్టుకు మనసుంది. తను పెట్టిన నలభై బొట్లలో అబద్ధం తప్ప ఏమీ లేదు.

"అంకుల్."

జానయ్య ఉలిక్కిపడి చూశాడు. గోడ వెనక, సరిగ్గా ఆ చోటే, నారింజ రంగు చొక్కా వేసుకుని ఒకమ్మాయి నిలబడి ఉంది. మెడలో విజిలు. రేపు ఈ మూల తనదేనని, పేరు సింధూర అని చెప్పుకుంది. బ్యాంకులో పని చేస్తుందట.

"నేను ఉపేంద్ర సార్ దగ్గర సదివిన అంకుల్. సార్ నిలబడ్డ ప్లేసే గావాలని అడిగి తీస్కున్న. మా అమ్మ పరేషానయితుంది." గోడ వెంట చూసింది. దూరంగా సీతారాములు కుంచె పట్టుకుని వరసగా బొట్లు పెట్టుకుంటూ వస్తున్నాడు. "అన్నిటికి బొట్లు పడ్తున్నయ్ గదా. ఇక్కడ నిలబడొచ్చా?"

జానయ్య కూడా అటే చూశాడు. ఆమె జవాబు కోసం చూసి, విజిలు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి నోట్లో పెట్టుకుని ఊదింది.

పొడవుగా వినబడింది విజిలు. జానయ్య ఊపిరి బిగబట్టాడు. ఎక్కడ తెగుతుందా అని చూశాడు. తెగలేదు. ఆమె పూర్తిగా ఊది ఆపింది.

"నిలబడొద్దు బిడ్డా" అన్నాడు జానయ్య. "ఇంక బిగియ్యలే."

పెయింటు డబ్బా మూత పెట్టాడు. పానా, థిన్నరు సీసా, పాత గుడ్డ తీసుకుని గోడ వెంట నడిచాడు. సీతారాములు పెట్టిన మొదటి బొట్టు దగ్గర వంగి, గుడ్డ తడిపి తుడిచేశాడు. తర్వాత రెండోది.

"ఏందే జానయ్యా, ఏం జేస్తున్నవ్?" సీతారాములు బిత్తరపోయాడు. "సారే జెప్పిండు గదా. నాకు లొల్లి ఎందుకు పెడ్తవ్?"

"నువ్వు నడువు, నీడకు కూసో. లొల్లి నాది."

పదిహేనో బొట్టు దగ్గర ఉండగా నాగార్జున పరిగెత్తుకుంటూ వచ్చాడు. అతని వెనకే దూరంలో తెల్లకారు దిగి, చేతిలో ఫైలుతో రాఘవేంద్ర నడిచి వస్తున్నాడు. అరగంట ముందే వచ్చాడు.

"మతి పోయిందా మీకు?" నాగార్జున గొంతు అణచుకున్నాడు. "రేసు ఆగిపోతే ఎంతమంది పొట్ట కొట్టినట్టో తెలుసా? మీరు ఆపితే రేపు ఇంకొకడు పెడతాడు. నిరుడు పెట్టింది ఎవరి చెయ్యి? అది బయటికొస్తే పోలీసులు ముందు ఎవరిని పట్టుకుంటారు?"

"నన్నే" అన్నాడు జానయ్య. "నాకెర్కే సారూ."

గుడ్డ మళ్లీ తడిపాడు. అతనికి భయంగానే ఉంది. అయినా తుడుస్తూనే ఉన్నాడు.

రాఘవేంద్ర దగ్గరికొచ్చాడు. మొదటి నుంచి ఆ బొట్టును మెచ్చుకున్న మనిషి. గోడ వంక, జానయ్య చేతిలోని పసుపు మరకల గుడ్డ వంక చూశాడు. ఫైలు తెరిచి ఉంది, కలం మూత తీసి ఉంది.

"ఏమిటిది జానయ్యా? వీటికి బొట్లు లేవేం?"

"బిగియ్యలేదు సార్. అందుకే తుడిచిన."

నాగార్జున ఏదో అనబోయాడు. రాఘవేంద్ర చెయ్యెత్తి ఆపాడు.

జానయ్య లేచి నిలబడ్డాడు. మోకాళ్లు పట్టేసి నిటారుగా నిలబడలేకపోయాడు, టైరు మీద చెయ్యి ఆనించుకున్నాడు. అతనికి నాలుగడుగుల అవతల, వెంటే వచ్చిన సింధూర విజిలు పిడికిట్లో పట్టుకుని నిలబడి వింటోంది.

"పోయినేడు గూడ బిగియ్యలే సార్. నలభై. ఈ చేతులతోనే బొట్లు వెట్టిన. ఉపేంద్ర సారు గోడకు ఆనుకోలే. బొట్టు జూసి నమ్మి నిలబడ్డడు."

సాగర్ రోడ్డు మీద లారీల చప్పుడు వినిపిస్తోంది. రాఘవేంద్ర ఫైలులో కాగితం వైపు చూశాడు. నిరుడు తను సంతకం పెట్టిన కాగితం లాంటిదే అది, తేదీ ఒక్కటే వేరు.

జానయ్య మళ్లీ మోకాళ్ల మీద కూర్చున్నాడు. తుడిచిన మొదటి బోల్టుకు పానా తగిలించి తిప్పడం మొదలుపెట్టాడు. టక్కుమంది. రెండోదానికి తగిలించాడు.

రాఘవేంద్ర కలానికి మూత పెట్టలేదు. సంతకమూ పెట్టలేదు.