నడుమ పట్టీ

అమ్రాబాద్ అడవిలో గడ్డి ఎండిపోయింది. ఎండాకాలపు మంట గూడెం మీదికి రాకుండా, రెండు సమాంతర గీతల వెంట పొదలు నరికి, నడుమ పట్టీని ముందే కాల్చాలి. జంగ్లాత్‌లో అంటే అటవీశాఖలో కొలతలు తీసే రఘుపతి అవతలి గీత నరికించేశాడు. దాని సమీకరణం y = 2x + 3. ఇవతలిది గుండ్రాయి (4, 1) మీదుగా పోవాలి.

రొట్టె పెడుతూ అతని భార్య ప్రమీల గళ్ళ కాగితంలోకి తొంగి చూసింది. పట్నం కాలేజీలో ఉర్దూలో ముతవాజీ అని నేర్చుకున్న సమాంతర గీతలే. వాలు మారదు, రెండే. ఒకటిలోంచి ఎనిమిది తీస్తే మైనస్ ఏడు. y = 2x − 7. లెక్క సరిగ్గానే ఉంది.

ముసలి సుక్కమ్మ గుడిసె ఇందులో ఎక్కడని ప్రమీల అడిగింది. అతను (5, 4) దగ్గర వేలు పెట్టాడు. అక్కడ ఇవతలి గీత మూడు మీద, అవతలిది పదమూడు మీద పోతున్నాయి. గుడిసె నడుమ పడింది.

"కాలుతది," అన్నది ప్రమీల.

తెలుసన్నాడు. లేచిపొమ్మని రెండుసార్లు చెప్పాడట. గుడిసె వెనకాలే మొగుణ్ణి పూడ్చుకున్న ముసలిది నవ్విందట: "ముందు మా ముసలోన్ని లేపు దొరా. ఆయనొస్తే నేనొస్త."

"గుండ్రాయి ఇడిచిపెట్టుండ్రి. మద్దిచెట్టు (4, 3) మీదికెల్లి గీయుండ్రి. మైనస్ ఐదయితది. గుడిసె బయటపడ్తది."

"ఒక్క గడి బయట. పట్టీ సన్నగయితది. గాలి లేస్తె మంట దాటుతది. అప్పుడు గూడెమంత పోతది."

"గాలి లేవకుంటె?"

రఘుపతి ఏడు చెరిపి ఐదు రాశాడు.

నిప్పు పెట్టిన పొద్దున గాలి లేదు. సుక్కమ్మ నీళ్ళకుండ పక్కన పెట్టుకుని వాకిట్లో కూర్చుంది.

"మీ గీత నన్ను జూసి జరిగిందట గద బిడ్డా," అంది ప్రమీలతో. "గంత బయపడ్డదా?"

ప్రమీల నవ్వబోయి పొగవైపు చూసింది. నిట్టనిలువుగా లేస్తోంది. గడ్డి చిటపటమంటూ కాలుతోంది. పట్టీ సగం నల్లబడింది.

మద్దిచెట్టు మీద ఎండుటాకులు కదిలాయి. పొగ నడుము వంచి గుడిసె మీదుగా గూడెం దిక్కు వాలింది. సుక్కమ్మ నవ్వు ఆపి, కుండ ఎత్తుకుని లేచి నిలబడింది.

రఘుపతి అప్పటికే గూడెం వైపు పరుగెత్తుతున్నాడు.