నలుపు ఎత్తిన షాట్

శాంతి నగర్‌లో మగ్గాల షెడ్డు తగలబడి, లోపల పడుకున్న రాజలింగం చనిపోయాడు. షట్టర్ తెరిచే ఉందని, పొగకు నిద్రలోనే ప్రాణం పోయిందని షెడ్డు యజమాని సేటు చెప్పాడు. పోలీసులూ అదే రాసుకున్నారు. భార్య చంద్రవ్వ కూడా ఆ మాటనే పట్టుకుంది.

"బాధ తెల్వకుంట పోయిండు. గంతే చాలు," అని ఆమె కళ పెట్టిన కెమెరా ముందు కూర్చుని చెప్పింది.

కళ ఆ పక్కనే తెలుగువాళ్లుండే పద్మనగర్ పిల్ల. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేది. కార్మిక సంఘం వాళ్లు ఆ ప్రమాదం మీద చిన్న సినిమా చేయమంటే, చుట్టుపక్కల వాళ్లు ఫోన్లలో తీసిన వీడియో తునకలన్నీ పోగుచేసింది. పెద్ద ఫైళ్లను ఆమె పాత లాప్‌టాప్ మోయలేదు. వాటికి చిన్న నకళ్లు చేసుకుని, వాటి మీదనే సినిమా కూర్చి కట్ పూర్తిచేసింది. మంటల షాట్ మీద చంద్రవ్వ అన్న ఆ మాటను పరిచింది.

తర్వాత అసలు ఫైళ్లున్న హార్డ్ డిస్క్ తీసుకెళ్లి ఠాణే ఊళ్లో స్టూడియో నడిపే వైభవ్‌కు అప్పగించింది. రంగులు సరిచేసి, సినిమాకు చివరి మెరుగు పెట్టడం అతని పని.

"ఇక కట్ మారదు భయ్యా," అంది హిందీలో. "రంగులొక్కటే చూడు."

కొన్నాళ్లకు వైభవ్ ఫోన్ చేశాడు. "ఒకసారి రా. ఇది ఫోన్‌లో చెప్పేది కాదు."

పెద్ద తెర మీద మంటల షాట్ ఆపి పెట్టి ఉంది. "ఫ్రేములో ఈ మూల అంతా ఉత్త నలుపే అనుకున్నా. అసలు ఫైలు కలిపి కొంచెం నలుపు ఎత్తాను, అంటే చీకటిని తేలిక చేశాను. చూడు," అని ఆడించాడు.

షట్టర్‌కు బయటి నుంచి తాళం. దాని పైన గాలి జాలీ. ఆ జాలీలోంచి వేళ్లు బయటికొచ్చాయి. పట్టుకున్నాయి. వదిలి, మళ్లీ పట్టుకున్నాయి. ఇక రాలేదు.

కళ తెర దగ్గరికి జరిగింది. మసక నకలులో ఆ షాట్‌ను లెక్కలేనన్ని సార్లు చూసింది తను.

"మళ్లీ నలుపు చేస్తే ఎవరికీ కనపడదు," అన్నాడు వైభవ్ మెల్లగా. "కానీ అది నేను తేల్చేది కాదు. నువ్వు చెప్పు."

కళ ఆ తునక ఫోన్‌లో వేసుకుని నేరుగా చంద్రవ్వ ఉండే ఒంటిగది ఖోలీకి పోయింది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు.

"చిన్నమ్మా, చిన్నాయిన పానం నిద్రల పోలేదు."

చంద్రవ్వ చేయి చాపింది. "చూపియ్యి."

చూసింది. మళ్లీ పెట్టమంది. "ఆయనే. చిటికెన వేలు సగమే ఉన్నది చూడు. మగ్గంల పడి తెగింది." ఏడవలేదు. "ఎంత సేపు కొట్లాడిండో, బిడ్డా?"

"ఇది సినిమాల ఉంచాల్నా చిన్నమ్మా?" అని కళ అడిగింది.

"ఉండనియ్యి. అందరు చూడనీ. నేనన్న మాట మాత్రం తీసెయ్యి."

కళ కట్ మళ్లీ తెరిచింది. ఆ మాట తీసేసి, మంటల చప్పుడొక్కటే ఉంచింది. వైభవ్ రంగుల పనంతా మళ్లీ చేశాడు. సంఘం వాళ్లు అసలు ఫైలు పట్టుకుని పోలీస్ స్టేషన్ ముందు కూర్చుంటే కేసు నమోదైంది, సేటు అరెస్టయ్యాడు. తాళం ఊరికే తగిలించి ఉందే తప్ప వేసి లేదని సేటు వాదించాడు. బెయిల్ మీద బయటికొచ్చి మొదట చేసిన పని, చంద్రవ్వ ఉంటున్న ఖోలీ తనదే కాబట్టి ఖాళీ చేయించడం.

ఇప్పుడామె ఇంకో షెడ్డులో నూలు కండెలు చుడుతోంది. కళ చూడబోయినప్పుడు తలెత్తకుండానే మాట్లాడింది.

"నీ మీద కోపం లేదు బిడ్డా. కాని ఒక్కోపారి, తెల్వకపోతేనే మంచిగుండేది అనిపిస్తది."

కళ ఆమె పక్కన కూలబడింది. మగ్గాల మోతలో ఖాళీ కండెలు ఒక్కొక్కటీ అందించింది.

"కోర్టుకు రమ్మన్నరు," అంది చంద్రవ్వ చివరికి. "అక్కడ గూడ ఆ వీడియో పెడ్తరట. ఒక్కదాన్ని చూడలేను. వస్తవా?"

"వస్త చిన్నమ్మా."