డిస్కు ఊపిరికి వదిలిన జాగా

మా ఇంట్లో ఏ వస్తువు కొన్నా దాని మీద మొదటి ఉపన్యాసం మా ఆయనదే. బీమా ఆఫీసులో ఉద్యోగం కదా, రాబోయే ప్రమాదం ఆయనకు పక్కింటి మనిషిలా పరిచయం. కంప్యూటరులో గిరగిరా తిరిగే పాత డిస్కు తీసేసి, తిరగని కొత్తరకం ఎస్‌ఎస్‌డీ పెట్టించినప్పుడూ అంతే.

"దీన్ని నిండా నింపకూడదు. అయిదో వంతు ఖాళీగా వదిలెయ్యాలి. అది డిస్కు ఊపిరికి. ఎవరూ ముట్టుకోకూడదు," అన్నారు.

"కొన్నది వాడుకోవడానికా, ఖాళీగా చూసుకోవడానికా?"

"నీకు అర్థమయ్యేలా చెప్తాను విను. అలమర కిక్కిరిసి ఉంటే సర్దగలవా? గట్టు మీద కాస్త చోటుంటే అక్కడికి దించి, ఇటువి అటు మారుస్తావు. డిస్కూ లోపల్లోపల అలాగే సర్దుకుంటూ ఉంటుంది. చోటు లేకపోతే నత్తనడక నడుస్తుంది, తొందరగా అరిగిపోతుంది."

డిగ్రీ చదివినదాన్ని, వంటింటి గట్టు ఎక్కకుండా చెప్పినా అర్థమయ్యేది. కానీ మాట సబబుగానే ఉంది. ఒప్పుకున్నాను.

అందులో నావంటూ ఉన్నవి మా పెద్దమ్మ కథలు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. వెళ్ళినప్పుడల్లా ఎదురుగా మైకు పెట్టి చెప్పించుకునేదాన్ని. పెద్దమ్మ కథ తిన్నగా నడవదు. రాజుగారు వేటకు బయల్దేరగానే ఆవిడకు దగ్గు వస్తుంది. దగ్గు తగ్గేలోపు గుమ్మంలో ఎవరో కనిపిస్తారు. వాళ్ళ తాతల దాకా వెళ్ళి వచ్చేసరికి రాజుగారు అడవిలో పడిగాపులు. నేను ఇంటికొచ్చి ఆ దగ్గులూ తాతలూ కత్తిరించి, కథ మాత్రం విడిగా దాచేదాన్ని. కత్తిరించాక మిగిలిన కథలు చిన్నవి, అలాగే ఉంచిన అసలు రికార్డింగులు కొండలు.

కొన్నాళ్ళకు జాగా చాల్లేదని కంప్యూటరు మొత్తుకుంది.

"ఆ ఖాళీలోంచి కాస్త ఇప్పించండి," అన్నాను.

"అదొక్కటీ అడక్కు. అయినా పండు తిన్నాక తొక్క దాచుకుంటారా ఎవరైనా? శుభ్రం చేసిన కథలున్నాయిగా, అసలువి తీసెయ్."

తీసేశాను. పెద్దమ్మ గుండ్రాయిలా ఉంది, కావలిస్తే మళ్ళీ దగ్గించుకోవచ్చు అనుకున్నాను.

చలికాలం వెళ్ళీ వెళ్ళకముందే ఆవిడకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మనుషుల్ని గుర్తుపడుతుంది, చెయ్యి నొక్కుతుంది, అంతే. ఆస్పత్రి నుంచి వచ్చి ఒక కథ పెట్టుకుని విన్నాను. తడబాటు లేదు, దగ్గు లేదు, "ఒసేయ్ పిచ్చిదానా, వింటున్నావా?" లేదు. రేడియో వార్తల్లా ఉంది. నా కత్తెర పనితనం అంత గొప్పది.

మరిదికి ఫోను చేశాను. కంప్యూటర్లు బాగుచేయడం అతని వృత్తి. వచ్చి, తెర ముందు కూర్చుని, తల అడ్డంగా ఊపాడు.

"పాత డిస్కయితే తవ్వి తీసేవాణ్ణి వదినా. ఇది తీసెయ్యమంటే అడుగంటా తుడిచేస్తుంది. అంత తొందరేం వచ్చింది నీకు?"

"జాగా లేక. అయిదో వంతు ఊపిరికి వదిలారుగా మీ అన్నయ్య."

"ఏదీ, చూద్దాం." ఏవో నొక్కాడు. "ఇది ఖాళీ కాదే! పైకి కనపడకుండా దాచిన భాగం. నిండా ఉంది."

"ఏముంది?"

"కార్ల పందేలు." గొంతు తగ్గించాడు. "ఆటలు, వదినా. వరసగా నాలుగైదు."

స్కూటరు కూడా సైకిలు వేగంతో నడిపే మనిషి మా ఆయన. నవ్వు రావలసిన చోటే. రాలేదు.

అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన మా ఆయన తెర చూసి, ఒక బూటు విప్పి ఆగిపోయారు.

"అంటే... ఈ మధ్య తెలిసిందిలే. కొత్తవాటిలో కంపెనీవాళ్ళే లోపల కొంత జాగా అట్టేపెట్టి అమ్ముతారట. మన వాడకానికి మళ్ళీ మనం అంత వదలక్కర్లేదు. కావలిస్తే వీణ్ణే అడుగు."

"అది నిజమే అనుకో, కానీ అన్నయ్యా..."

"నువ్వుండు," అన్నాను మరిదితో. "ఈ మధ్యంటే ఎప్పుడండీ?"

"ఏమో, గుర్తులేదు."

"పెద్దమ్మవి తీసెయ్యమన్నారే, దానికి ముందా, తర్వాతా?"

విప్పిన బూటు వంకా, విప్పని బూటు వంకా చూశారు.

"ముందే," అన్నారు చివరికి. "నువ్వు మళ్ళీ వాటి జోలికి వెళ్ళవనుకున్నాను."

నేను మరిదిని కుర్చీలోంచి లేపి కూర్చున్నాను. "దీన్ని నిజంగా ఖాళీ చెయ్యాలంటే ఎక్కడ నొక్కాలి?"

"నన్ను ఇరికించకు వదినా."

"వేలు పెట్టి చూపించు చాలు. నొక్కేది నేను."

చూపించాడు. నిజంగానా అని కంప్యూటరు మళ్ళీ అడిగింది. మా ఇంట్లో ఆ మర్యాద దానికొక్కదానికే ఉంది. నొక్కాను.

"ఎన్నాళ్ళుగానో ఆడుతున్నానే అవి! తీసేముందు ఒక్క మాట అడగొద్దా?"

"అడిగాను. ముందా, తర్వాతా అని."

కసి తీరుతుందనుకున్నాను, తీరలేదు. సంచి అందుకుని, ఆస్పత్రి దాకా దింపమని మరిదికి చెప్పాను. మా ఆయన తానూ వస్తానంటూ విప్పిన బూటు మళ్ళీ తొడుక్కోబోయారు. ఆ ముడి పడేదాకా నేను ఆగలేదు.